ఐసు మీద నట్టు: పాత ఫ్రిజ్‌ల పనిలో నేను నేర్చుకున్నది

ముందే చెప్తున్నాను, నాకు రాయడం రాదు. జగిత్యాల దగ్గర మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను, అది కూడా వర్షాకాలం వచ్చేసరికి మానేశాను. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఈ నాలుగు పేజీలు రాయడానికి ఆరు రోజులు పట్టింది. అక్షరాలు వంకరగా ఉన్నా, తప్పులున్నా కోప్పడకుండా చదవండి.

నా వర్క్ పర్మిట్ గడువు అయిపోయింది. పని దిగిపోయాను. బూన్ లే వైపున్న మా డార్మిటరీలో ఇంకా కొద్ది రోజులు ఉండి ఇంటికి పోతాను. మా యార్డులోకి ఊరి నుంచి కొత్తగా నలుగురు వస్తున్నారని తెలిసి రూములో వాళ్ళు నా వెంటపడ్డారు. ఫోనులో మాట్లాడి రికార్డు చేస్తానన్నాను. "మాటలు ఎవ్వలు దాస్కుంటరే కాకా, నోటుబుక్కుల రాసియ్యి," అన్నారు. అందుకని రాస్తున్నాను. జీతం గురించి, కాగితాల గురించి రాయను. అవి మీకు ఏజెంటు చెప్తాడు. ఏజెంటు చెప్పనివి రాస్తాను.

పని ఏమిటంటే

ఈ దేశంలో ఇంట్లో ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఏసీ పాతబడితే వీధిలో పడేయడానికి లేదు. కారిడార్‌లో పెడితే మంటలు వచ్చినప్పుడు దారికి అడ్డమని అధికారులు ఊరుకోరు. కొత్తది తెచ్చిన షాపువాళ్ళే పాతది తీసుకుపోవాలి. లేకపోతే మాలాంటి వాళ్ళకు ఫోను చేస్తారు. మేము లారీలో యార్డుకు తెస్తాం. ఇంకా పనిచేసేది, మంచిగా ఉన్నది ఒక వైపు పెడతాం. దాన్ని పరీక్ష చేసి లేనివాళ్ళ ఇళ్ళకు ఉచితంగా చేరుస్తాం. చెడిపోయినదాన్ని విప్పి ఇనుము, రాగి, ప్లాస్టిక్ వేరుచేస్తాం.

వినడానికి సులువుగానే ఉంటుంది. నేను కూడా పాత సామాను మోసే పనే కదా అనుకుని వచ్చాను. అంతకు ముందు షిప్‌యార్డులో ఉండేవాణ్ణి. అక్కడ ఏది కనబడినా కోయడమే. ఆ చేతి అలవాటుతోనే ఇక్కడ మొదటి నెలలో ఒక ఫ్రిజ్ వెనక రాగి పైపు పటుక్కున కత్తిరించాను. బుస్సుమని గాలి పోయింది. పని తొందరగా అయిందని నేను సంతోషపడ్డాను.

మా బాస్ పేరు లిమ్. సన్నగా ఉంటాడు, ఎప్పుడూ చెవి మీద పెన్సిల్ ఉంటుంది. అరవడు. దగ్గరికి వచ్చి ఆ పైపు చివర వాసన చూసి అడిగాడు.

"గంగా, యూ కట్ ఫస్ట్, థింక్ లేటర్, ఆ?"

ఆ తర్వాత నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. పైపులో ఉండేది ఉత్త గాలి కాదు. పాత ఫ్రిజ్‌లలో గ్యాసు ఆకాశంలోకి పోతే లోకానికే చేటు. కొత్త ఫ్రిజ్‌లలో గ్యాసు మండుతుంది, పక్కన ఎవరైనా గ్రైండర్ ఆన్ చేస్తే నా మొహం ఉండేది కాదు. ముందు మిషన్ పెట్టి గ్యాసు సిలిండర్‌లోకి లాగాలి, తర్వాతే కట్టర్ ముట్టాలి. ఆ రోజంతా నాతో కట్టర్ పట్టించలేదు, యార్డు ఊడ్పించాడు. మంచి పని చేశాడు. వేలు తెగకుండా, మొహం కాలకుండా నేను ఇంటికి పోతున్నానంటే ఆ చీపురు వల్లే.

ఇచ్చేవాళ్ళ గురించి

దానం చేసేవాళ్ళలో రెండు రకాలు చూశాను. కొందరు ఫ్రిజ్ తుడిచి, ఆరబెట్టి, లోపల అరలు తాడుతో కట్టి, పాత బిల్లు కూడా దాచి ఇస్తారు. వాళ్ళ ఇంటికి పోతే మంచినీళ్ళు అడగకుండానే వస్తాయి. ఇంకొందరు వదిలించుకోవడానికి ఇస్తారు.

వన్-నార్త్ దగ్గర ఆఫీసులో పనిచేసే మన తెలుగు సారు ఒకాయన ఫోను చేశాడు. పోయి చూస్తే డోరు రబ్బరంతా నల్లగా బూజు. తలుపు మూసినా వేలు దూరేంత సందు.

"అంకుల్, కూలింగ్ కొంచెం తక్కువ, అంతే," అన్నాడు. "లేనివాళ్ళకి అదైనా గొప్పే కదా."

"సార్, లేనోళ్ళ ఇంట్ల పాలు విరగవా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "సరే, స్క్రాప్‌లో వేసేయండి అంకుల్. నేను అలా ఆలోచించలేదు," అన్నాడు. మంచివాడే. చాలామంది మంచివాళ్ళే, ఆలోచించరు అంతే.

ఈ మాట అన్నందుకు యార్డుకు వచ్చాక అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఎందుకు రాస్తున్నానంటే, అంత గొప్పగా చెప్పిన నేనే తర్వాత ఏం చేశానో మీకు తెలియాలి.

నట్టు పరీక్ష

దానం ఫ్రిజ్‌కు లిమ్ బాస్ పెట్టిన పరీక్ష ఒకటుంది. స్టీలు గ్లాసులో సగం నీళ్ళు పోసి ఫ్రీజర్‌లో పెట్టాలి. గడ్డకట్టాక ఆ ఐసు మీద ఒక ఇనుప నట్టు పెట్టాలి. మూడు రాత్రులు ఉంచాలి. పొద్దున తలుపు తీస్తే నట్టు ఐసు మీదే ఉంటే ఫ్రిజ్ మంచిది. నట్టు అడుగుకు పోయి, దాని మీద ఐసు గడ్డకట్టి ఉంటే, మనం చూడనప్పుడు ఆ ఫ్రిజ్ ఆగిపోయి, ఐసు కరిగి, మళ్ళీ నడిచిందని అర్థం. పైకి చూస్తే ఐసు ఐసులాగే కనబడుతుంది. ఆ సంగతి నట్టు ఒక్కటే చెప్తుంది.

ఇంకో నియమం. ఫ్రిజ్‌ను నిలబెట్టే తీసుకుపోవాలి. తప్పక పడుకోబెట్టాల్సి వస్తే, దించాక ఒక రోజంతా నిలబెట్టి ఉంచి అప్పుడు స్విచ్ వేయాలి. కంప్రెసర్‌లో నూనె ఉంటుంది. పడుకోబెడితే అది పైపుల్లోకి పాకుతుంది. తిరిగి కిందికి దిగకముందే నడిపిస్తే కంప్రెసర్ నూనె లేకుండా తిరిగి వేడెక్కుతుంది.

ఈ రెండూ నాకు బాగా తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళకు నేనే నేర్పేవాణ్ణి.

వుడ్‌ల్యాండ్స్ ఇల్లు

ఒక గురువారం సాయంత్రం, లేనివాళ్ళకు సామాను ఇప్పించే సహాయ సంఘం వాళ్ళు ఫోను చేశారు. వుడ్‌ల్యాండ్స్‌లో ఒక ఇంట్లో ఫ్రిజ్ చచ్చిపోయింది, అర్జంటు అన్నారు. ఆ ఇంట్లో లీల అనే అమ్మాయికి నెలలు నిండకుండా కాన్పు అయింది. పాప ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. తల్లి ఇంటి దగ్గర పాలు పిండి, గడ్డకట్టించి, ఆసుపత్రికి పట్టుకుపోవాలి.

యార్డులో ఒక మంచి ఫ్రిజ్ ఆ రోజే వచ్చింది. కొత్తదానిలా ఉంది. మధ్యాహ్నం ప్లగ్ పెడితే రెండు గంటల్లో చల్లబడింది. మూడు రాత్రులు ఆగితే ఆ తల్లి ఏం చేస్తుందని లిమ్ బాస్‌ను అడగకుండానే పరీక్ష చీటీ మీద "పాస్" అని రాశాను. అది మొదటి తప్పు.

పొద్దున పెద్ద లారీ వేరే పనికి పోయింది. వాన పడుతోంది. చిన్న పికప్‌లో ఫ్రిజ్‌ను పడుకోబెట్టి టార్పాలిన్ కప్పి తీసుకుపోయాను. ఇది తప్పు కాదు, ఒక రోజు ఆగి స్విచ్ వేస్తే సరిపోతుంది.

తలుపు తీసింది లీల అమ్మమ్మ, సరోజమ్మగారు. వాళ్ళ తాతల కాలంలోనే మలేషియా తోటలకు వచ్చి, తర్వాత ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఆమె మాటలో శ్రీకాకుళం ఉంది, తమిళం ఉంది, మలయ్ కూడా ఉంది. నేను తెలుగువాణ్ణని తెలియగానే చెయ్యి పట్టుకుంది.

"రా బాబూ, రా. ముందు మకాన్ సెయ్యి, కాస్త తిను. ఉప్మా ఉంది."

"పని అయినంక తింట అమ్మా," అన్నాను.

ఫ్రిజ్ వంటింట్లో నిలబెట్టి, "ఇగ దీన్ని గిట్లనే ఉంచుండ్రి. రేపు పొద్దుగాల స్విచ్ ఎయ్యుండ్రి," అని చెప్పాను.

ఆమె గోడ మీది కేలండర్ వైపు చూసింది. గడియారం వైపు చూసింది.

"ఏటి బాబూ, రేపు అమాస. అమాస నాడు కొత్తది ఎవలైనా మొదలెడతారేటి? ఎదురింటి తమిళామె మంచిరోజే అంటాది. అది ఆలకి. మనకి కాదు కదా." గొంతు తగ్గించింది. "ఇయ్యాల శుక్రవారం. పదిన్నరకి రాహుకాలం వొచ్చేస్తాది. ఇంకా ఇరవై నిమిషాలుంది. ఇప్పుడే ఎయ్యి."

అప్పటికే పళ్ళెంలో పసుపు, కుంకుమ, ఒక చిన్న గిన్నెలో పాలు సిద్ధంగా ఉన్నాయి. లీల కుర్చీలో కూర్చుని ఉంది. మొహంలో రక్తం లేదు.

"అమ్మమ్మా, హీ సెడ్ టుమారో, వాట్," అంది లీల, ఇక్కడి ఇంగ్లీషు యాసలో. "ఫాలో లా."

"నువ్వు ఊరుకోవే. పాప పాలు పెట్టేది ఇందులోనే కదా," అంది ఆమె. ఫ్రిజ్ తలుపుకు మూడు చోట్ల పసుపు రాసి బొట్టు పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది. "నీ సేత్తో ఎయ్యి నాయనా. ఇంతదూరం మోసుకొచ్చినోడివి."

నాకు తెలుసు. వేయకూడదని నోటి దాకా వచ్చింది. కానీ మా ఇంట్లో మొదటి టీవీ కొన్నప్పుడు మా అమ్మ కూడా ఇలాగే మంచి ఘడియ చూసి, బొట్టు పెట్టి, నాతోనే స్విచ్ వేయించింది. ఆసుపత్రిలో ఒక పసిపాప. అమావాస్య. పెద్దామె చేతిలో పసుపు. వద్దంటే అపశకునం మాట నా నోటి నుంచి వచ్చినట్టు అవుతుందని భయపడ్డాను. పది గంటల పన్నెండు నిమిషాలకు స్విచ్ వేశాను.

ఫ్రిజ్ చక్కగా నడిచింది. ఉప్మా తిని వచ్చేశాను. ఆ స్విచ్ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం

తొమ్మిది రోజుల తర్వాత ఆదివారం సరోజమ్మగారు భోజనానికి పిలిచింది. చేపల పులుసు వండింది. ఎండకు చెమటలు కక్కుతూ వచ్చానని గులాబీ రంగు షర్బత్ కలిపి, "లీలా, అంకుల్‌కి ఐసు తే," అంది.

"నువ్వు కూచో బిడ్డా, నేను తీస్కుంట," అని లేచాను.

ఫ్రీజర్ తలుపు తీస్తే ఐసు ట్రే రాలేదు. కింద పలకకు అతుక్కుపోయి ఉంది. పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బాలో పాల సంచులు ఉన్నాయి. చిన్న చిన్న సంచులు, ఒక్కోదాని మీద తారీఖు, గంట పెన్నుతో రాసి ఉంది. లీల వాటిని ముందు పళ్ళెంలో పరిచి గట్టిపడ్డాక డబ్బాలో పుస్తకాల్లా వరసగా నిలబెడుతుందట. అలా గడ్డకట్టినవి పలకల్లా ఉండాలి. అవి పైన పలచగా, కింద పొట్టలు ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

అవి కరిగి, జారి, మళ్ళీ గడ్డకట్టాయి. నాకు అర్థం కావడానికి నట్టు అక్కర్లేకపోయింది.

వెనక నుంచి లీల మాట్లాడుతోంది. పాప ఇన్నాళ్ళూ ట్యూబులో చుక్క చుక్క తాగిందట. ఆ కాసిని ఏ రోజుకారోజు తాజా పాలే సరిపోయాయట. ఇప్పుడు బరువు పెరుగుతోందని, దాచిన పాలు కూడా తెమ్మని నర్సు చెప్పిందట. సాయంత్రం నాలుగు గంటలకు ఆరు సంచులు పట్టుకుపోతుందట. ఆ మాట చెప్తున్నప్పుడు ఆ పిల్ల మొదటిసారి నవ్వింది.

నేను తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఐసు ఐసులాగే ఉంది. చెప్తే తొమ్మిది రోజుల పాలు పోతాయి. ఆ అమ్మాయి రెండున్నర గంటలకోసారి లేచి పిండిన పాలు.

"అంకుల్, ఐసు దొరకలేదా?" అంది.

"బిడ్డా, ఈ పాలు తీస్కపోకు."

ఇద్దరూ నా వైపు చూశారు. చెప్పేశాను. ఫ్రిజ్ మధ్యమధ్యలో ఆగుతోందని, పాలు కరిగి గడ్డకట్టాయని చెప్పాను. కరిగిన పాలు మళ్ళీ గడ్డకట్టిస్తే వాడకూడదని ఆసుపత్రి కాగితంలోనే ఉందని లీలకు నాకంటే బాగా తెలుసు. ఆమె డబ్బా అందుకుని ఒక సంచి తిప్పి చూసింది.

"మేబీ వన్ టైమ్ ఓన్లీ. పవర్ ట్రిప్ అయ్యుంటుంది. షూర్ ఆర్ నాట్, అంకుల్?"

నా దగ్గర తాళంచెవుల గుత్తికి ఎప్పుడూ ఒక నట్టు ఉండేది. దాన్ని విప్పాను. గ్లాసులో నీళ్ళు పోసి ఫ్రీజర్‌లో పెట్టి, గడ్డకట్టాక రాత్రికి దాని మీద పెట్టమని ఇచ్చాను. "పొద్దుగాల చూడు. నట్టు మీదనే ఉంటే నా మాట అబద్ధం. అప్పటిదాంక పాత పాలు ముట్టకు. ఇయ్యాల తాజా పాలే తీస్కపో," అన్నాను.

తర్వాత మిగతాది కూడా చెప్పాను. "ఆ రోజు స్విచ్ ఎయ్యొద్దని నాకు ఎరికే. ఎరికుండే ఏసిన. మూడు రాత్రుల పరీక్ష కూడా చెయ్యలే. తప్పు నాది."

"నేను కదా బాబూ ఎయ్యమన్నది," అంది సరోజమ్మగారు.

"మీకు తెల్వదమ్మా. నాకు తెలుసు."

లీల డబ్బాను మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టి తలుపు మూసింది. తిట్టినా బాగుండేది.

సోమవారం పొద్దున పనికి పోయేముందు అక్కడికి పోయాను. నట్టు గ్లాసు అడుగున ఉంది. దాని మీద అద్దంలా ఐసు. లీల గ్లాసును వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత సింకు దగ్గరకు పోయి ఒక్కొక్క సంచీ చించి తనే పారబోసింది. నేను సాయం చేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ప్రతి సంచి మీద తారీఖు చదువుకుంటూ పోసింది. చివరి సంచి పోసి నల్లా తిప్పాక అంది.

"అట్లీస్ట్ యూ టోల్డ్, అంకుల్. మై బేబీ డిడ్ నాట్ డ్రింక్."

ఎదురింటి తమిళామెకు సంగతి తెలిసి, తన ఫ్రీజర్ పై అరలో చేపలన్నీ తీసేసి, తుడిచి ఖాళీ చేసి, కొత్త పాలు పెట్టడానికి తనే వచ్చి ఆ డబ్బా తీసుకుపోయింది. సరోజమ్మగారు ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది.

లిమ్ బాస్ కేలండర్

ఆ రోజే పోయి లిమ్ బాస్‌కు మొత్తం చెప్పాను. రాహుకాలం అంటే ఏమిటో కూడా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఇంటికి పంపేస్తాడని కూడా అనుకున్నాను.

ఆయన నవ్వలేదు. ఆఫీసులో దేవుడి అర పక్కన వేలాడే ఎర్ర కేలండర్ చూపించాడు. చైనా కొత్త సంవత్సరం సెలవుల తర్వాత యార్డు ఏ రోజు ఏ గంటకు తెరవాలో ఆయన అందులో చూసే తెరుస్తాడు. ఏటేటా ఆ గంటకు నారింజ పళ్ళు పెట్టి దండం పెట్టేది మేమంతా చూసేవాళ్ళమే.

"ఐ ఆల్సో సీ గుడ్ టైమ్," అన్నాడు. "బట్ వన్ డే బిఫోర్, ఐ కమ్ అండ్ చెక్ ఆల్ ద మెషీన్స్. యూ నో ఆర్ నాట్?"

నాకు తెలియదు. అన్నేళ్ళు చూసింది ఆయన పెట్టే దండమే. ముందు రోజు ఒక్కడే వచ్చి ప్రతి మిషన్ తిప్పి చూసుకునేది చూడలేదు.

"నెక్స్ట్ టైమ్, ఆస్క్ దెయిర్ గుడ్ టైమ్ ఫస్ట్," అన్నాడు. "దెన్ యూ కౌంట్ బ్యాక్‌వర్డ్."

నేను రాసిన "పాస్" చీటీ నా ముందే చించాడు. నెల రోజులు చీటీ మీద సంతకం పెట్టే పని నాకు ఇవ్వలేదు. ఆ పాడైన ఫ్రిజ్ విప్పితే కంప్రెసర్ లోపల అరిగి నల్లబడి ఉంది. నేను పడుకోబెట్టి వెంటనే వేసినందుకే అలా అయిందో, ముందే లోపం ఉందో ఇప్పటికీ ఖాయంగా చెప్పలేను. ముందే ఉంటే నట్టు పట్టుకునేది. నా వల్లే అయితే ఒక రోజు ఆగి ఉంటే అయ్యేది కాదు. ఎటు చూసినా తప్పు నాదే.

రెండో ఫ్రిజ్ మూడు రాత్రులు పరీక్ష చేశాను. మూడు రోజులూ పొద్దున నట్టు ఐసు మీదే ఉంది. తర్వాత సరోజమ్మగారికి ఫోను చేశాను.

"అమ్మా, మీకు మంచి ఘడియ ఎప్పుడు?"

"బుధవారం పొద్దున్న తొమ్మిదికి బాగుంది బాబూ."

"గట్లయితే నేను మంగళవారమే తెస్త. తెచ్చుడు మంగళవారం, స్విచ్ ఏసుడు బుధవారం. మంచిదేనా?"

"తేడానికేటి దోషం. మొదలెట్టడానికే కదా రోజు సూసేది," అంది.

మంగళవారం పెద్ద లారీలో నిలబెట్టి తీసుకుపోయాను. బుధవారం తొమ్మిదింటికి లీల స్విచ్ వేసిందట. సరోజమ్మగారు ఫ్రిజ్‌కు బొట్టు పెట్టి, ఫ్రీజర్‌లో నేను పెట్టి వచ్చిన గ్లాసుకు కూడా పెట్టింది. పాప ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు నాకు ఫోటో పంపారు. ఫోటోలో పాప ఉంది, వెనక ఫ్రిజ్ ఉంది. నేను ముందు ఫ్రిజ్‌నే చూశాను.

మీకు

అప్పటి నుంచి నేను మోసిన ప్రతి దానం ఫ్రిజ్‌కూ ఇదే పద్ధతి. ముందు ఇంటివాళ్ళను వాళ్ళ మంచి ఘడియ అడుగుతాను. మనవాళ్ళైనా, తమిళులైనా, చైనావాళ్ళైనా అడుగుతాను. దానికి ఒక రోజు ముందు తెస్తాను. వాళ్ళ నమ్మకాన్ని కాదనను, ఫ్రిజ్ నిలబడాల్సిన గంటలను తగ్గించను. రెండూ కుదురుతాయి. కుదరదని నేను ఆ రోజు అనుకున్నాను, అంతే.

మీరు కూడా పెద్దవాళ్ళ ముందు నోరు తెరవడానికి భయపడతారు. మన పెంపకం అలాంటిది. ఈ పనిలో ఆ భయం పనికిరాదు. చేతులు కట్టుకునే చెప్పండి, తల వంచుకునే చెప్పండి, కానీ చెప్పండి. బాగాలేని సామాను దానంలోకి పోనివ్వకండి. అది విప్పి ఇనుము, రాగి చేస్తే ఎవరికైనా పనికొస్తుంది, లేనివాళ్ళ వంటింట్లో పెడితే వాళ్ళ నెత్తిన చెత్త వేసినట్టే. మీరు తప్పు చేస్తే ఆ రోజే చెప్పండి. నేను తొమ్మిది రోజులు ఆగాను, ఆ తొమ్మిది రోజుల పాలు సింకులో పోయాయి.

యార్డులో టెస్టింగ్ బల్ల పక్కన మేకుకు స్టీలు గ్లాసు వేలాడుతుంటుంది. అందులో నా నట్టు ఉంది. నేను తీసుకుపోవడం లేదు. వాడండి.

ఇందులో అక్షరాలు తప్పుంటాయి, ఒత్తులు పోయి ఉంటాయి, చెప్పిందే మళ్ళీ చెప్పి ఉంటాను. చదువు లేనివాణ్ణని క్షమించండి. ఈ తప్పుల వల్ల ఎవరి పాలూ పారబోయాల్సిన పని లేదు.